బాడుగ ఇల్లు: ఉంచుకోవాలా, అమ్ముకోవాలా?

ఈ వారం ఉత్తరాల కట్టలో అన్నిటికన్నా బరువైన కవరు రైల్వే కోడూరు నుంచి వచ్చింది. నాలుగు పేజీల ఉత్తరం, దానికి మూడేళ్ల లెక్కల కాగితం జతచేసి ఉంది. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఆ సోదరి గోడు ఆమె మాటల్లోనే కాస్త వినండి.

"అక్కా, మంగంపేటలో నాకొక మిద్దె ఉంది. మా నాయన 1992లో కట్టినాడు. 1998లో నా పెండ్లికి పసుపు కుంకుమ కింద నా పేరున రిజిస్టరు చేసి ఇచ్చినాడు. రెండు వాటాలు. మిల్లుల్లో పనిచేసేవాళ్లు, లారీ డ్రైవర్లు బాడుగకు ఉండేవాళ్లు. ఒకరు ఖాళీ చేస్తే సాయంత్రానికి ఇంకొకరు వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాళ్లు. పోయిన సంవత్సరం ఒక వాటాకు ఏడు నెలలు తాళమే. ఇంకో వాటాలో ఉండే ఆయన రెండు నెలల బాడుగ ఎగ్గొట్టినాడు. వానొస్తే మిద్దె ఉరుస్తాది. మా ఆయనకు కూడా మిల్లులోనే ఉద్యోగం. పాప నర్సింగు చదువుకని రెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాము. ఇప్పుడు ఒకాయన ఆ ఇంటికి తొమ్మిది లక్షలు ఇస్తానంటా ఉన్నాడు. అమ్మేద్దాం అంటాడు మా ఆయన. మీ నాయన రెక్కల కష్టం, అమ్మొద్దే అని మా అమ్మ ఏడుస్తాది. నేను ఎవరి మాట వినాల?"

చెల్లీ, అటు మీ ఆయన మాటా, ఇటు మీ అమ్మ మాటా కాసేపు పక్కన పెట్టండి. ముందు నోటు పుస్తకం ఏం చెబుతుందో విందాం. మిగతా పాఠకురాళ్లు కూడా పెన్సిలు తీసుకుని కూర్చోండి. మంగంపేట కాకపోతే మీది ఏ ప్రొద్దుటూరో, నంద్యాలో కావచ్చు. బాడుగ సరిగా రాని ఇల్లు ఎక్కడున్నా లెక్క ఒక్కటే.

ముందుగా ఆ ఊరి సంగతి నాలుగు మాటలు చెప్పాలి. అది తెలియకపోతే ఆ ఇల్లు ఎందుకు ఖాళీగా ఉందో అర్థం కాదు.

మంగంపేట పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలో ఉంది. అక్కడ నేలలో ఉన్నది ముగ్గురాయి. చదువుకున్నవాళ్లు బెరైటీస్ అంటారు. ఒకేచోట ఇంత రాయి దొరికే గనులు ప్రపంచం మొత్తం మీద వెతికినా చాలా తక్కువ. గని ప్రభుత్వానిది, ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ నడుపుతుంది. ఆ రాయిని పిండి కొట్టే మిల్లులు చుట్టుపక్కల వెలిశాయి. పేరుకు ముగ్గురాయే గాని ఆ పిండిలో ఎక్కువ భాగం పోయేది మన వాకిళ్లకు కాదు, దేశదేశాల చమురు బావులకు. నీళ్లకన్నా నాలుగు రెట్లకు పైగా బరువుండే పిండి అది. బావి తవ్వేటప్పుడు దాన్ని బురదలో కలిపి లోపలికి పంపుతారు. అడుగునున్న గ్యాసు, చమురు ఒక్కసారిగా ఎగదన్నకుండా ఆ బరువు అణచిపెట్టి ఉంచుతుంది. కుక్కరు మూత మీద మనం వెయిటు పెడతామే, అలాంటి పని అన్నమాట.

అంటే ఏమైంది? ఎక్కడో బావులు తవ్వడం తగ్గితే ఇక్కడ పిండికి గిరాకీ తగ్గుతుంది. గిరాకీ తగ్గితే మిల్లులో షిఫ్టులు తగ్గుతాయి. షిఫ్టు తగ్గితే కూలికి వచ్చినవాడు మూటాముల్లె సర్దుకుంటాడు. అప్పుడు మన చెల్లెలి ఇంటికి తాళం పడుతుంది. 2014 మధ్యలో పీపా వంద డాలర్లు దాటి ఉన్న ముడి చమురు 2016 జనవరిలో ముప్పై డాలర్ల కిందికి పడిపోయింది. 2014లో అమెరికాలో 1,900కు పైగా ఉన్న తవ్వకపు రిగ్గులు 2016 మే నాటికి 400 దగ్గరికి వచ్చాయి. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో, ఏప్రిల్ 20న, అమెరికా చమురు బేరాల్లో ధర సున్నా కంటే కిందికి పోయింది. ఆ ఏడాదే తన రెండు వాటాలూ మొదటిసారి ఒకేసారి ఖాళీ అయ్యాయని మన సోదరి రాసింది. కోడూరులో కూర్చున్న ఇల్లాలికి అమెరికా చమురుతో ఏం పని అనుకుంటాం. ఉంది మరి!

ఇక నోటు పుస్తకం తెరుద్దాం. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. పాలవాడి పద్దు రాసుకునేంత ఓపిక చాలు. ఒక పేజీలో చేతికి వచ్చింది, ఎదురు పేజీలో చేతి నుంచి పోయింది రాయాలి. రావలసిన బాడుగ కాదు, వచ్చిన బాడుగ. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. "నెలకు అయిదు వేలొస్తుంది మా ఇంటికి" అంటారు. పన్నెండు నెలలూ వచ్చిందా అని అడిగితే నీళ్లు నములుతారు.

మన సోదరి ఇంట్లో ఒక్కో వాటా బాడుగ 2,500 రూపాయలు. రెండూ ఏడాదంతా నిండితే 60,000 రావాలి. పోయిన సంవత్సరం మొదటి వాటాలో పది నెలలకు 25,000 వచ్చింది. రెండో వాటాలో అయిదు నెలలకు 12,500. మొత్తం 37,500. ఖర్చుల పేజీ చూడండి. ఇంటి పన్ను 1,200. బోరు మోటారు కాలిపోతే చుట్టించడానికి 4,800. మిద్దె ఉరవకుండా పూతకూ సున్నానికీ 11,000. ఖాళీ వాటా కరెంటు బిల్లు, తాళాలు, రానుపోను ఆటో ఖర్చులు 1,500. మొత్తం 18,500. మిగిలింది 19,000. నెలకు 1,583 రూపాయలు. అంతకు ముందు రెండేళ్ల లెక్కా ఇంచుమించు ఇలాగే ఉంది. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకూడదు గాని, మూడేళ్లూ ఒకే మాట చెబుతుంటే నమ్మవలసిందే.

ఇప్పుడు దీన్ని మన సీమ వాడుకలో, నూటికి నెలకు ఎంత అని చూద్దాం. ఇల్లు తొమ్మిది లక్షలది. తొమ్మిది లక్షలంటే తొమ్మిది వేల నూర్లు. 1,583ను తొమ్మిది వేలతో భాగిస్తే నూటికి నెలకు సుమారు 18 పైసలు!

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ కుటుంబం తెచ్చిన అప్పుకు నూటికి రెండు రూపాయలు కడుతోంది. వాళ్ల ఇల్లు నూటికి 18 పైసలు తెస్తోంది. రెండు లక్షల అప్పు మీద నెలకు వడ్డీ 4,000. తొమ్మిది లక్షల ఇంటి మీద నెలకు రాబడి 1,583. ఇల్లు మొత్తం కలిసి అప్పు వడ్డీలో సగం కూడా మోయలేకపోతోంది. మిగతాది ఎక్కడి నుంచి వస్తోంది? మిల్లు జీతంలోంచి, అంటే పిల్లల పాలలోంచి, పండక్కి కొనని చీరలోంచి వస్తోంది.

"బాడుగ రాకపోతేనేం, ఇంటి విలువ పెరుగుతుంది కదా?" అని మీలో ఎవరో అడుగుతారని తెలుసు. మంచి ప్రశ్నే. ఇల్లు రెండు విధాల సంపాదిస్తుంది. ఒకటి బాడుగ, రెండు పెరిగే ధర. ఏటా బాగా ధర పెరిగే చోట బాడుగ తక్కువైనా ఉంచుకోవచ్చు. ఓబులవారిపల్లె నుంచి నెల్లూరు వైపు వెంకటాచలం దాకా కొత్త రైలు మార్గాన్ని 2019 సెప్టెంబరు 1న ప్రారంభించారు. కృష్ణపట్నం ఓడరేవుకు దారి దగ్గరైంది, ఇక ఇళ్ల రేట్లు రెక్కలు కట్టుకుంటాయని అప్పట్లో అందరూ అన్నారట. అప్పుడే ఒకరు ఎనిమిదిన్నర లక్షలు ఇస్తామన్నారు. ఇప్పుడు తొమ్మిది. ఇన్నేళ్లకు పెరిగింది యాభై వేలు. ఏడాదికి ఎనిమిది వేల చిల్లర. దాన్ని కూడా బాడుగలో కలిపితే నూటికి పాతిక పైసలైంది, అంతే.

మీ ఊళ్లో ధర సంగతి తెలుసుకోవాలంటే బ్రోకరును అడగకండి. వాడికి అమ్మినా కమిషనే, కొన్నా కమిషనే. మీ వీధిలో ఈ రెండేళ్లలో నిజంగా చేతులు మారిన రెండు మూడు ఇళ్లు ఎంతకు పోయాయో అమ్మినవాళ్లనే అడగండి.

తర్వాత చూడవలసింది జబ్బు ఎవరిది అన్నది. ఇంటి జబ్బా, ఊరి జబ్బా?

సాయంత్రం పూట మీ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడవండి. ఇరుగుపొరుగు వాటాలన్నీ నిండి మీది ఒక్కటే ఖాళీగా ఉంటే జబ్బు మీ ఇంటిది. మిద్దె ఉరుస్తుండవచ్చు, నీళ్లు చాలకపోవచ్చు, మరుగుదొడ్డి ఇద్దరికీ ఒకటే కావచ్చు. అలాంటి ఇంటిని తొందరపడి అమ్మకండి, వైద్యం చేయించండి. అరవై వేలు పెట్టి బాగుచేస్తే ఖాళీగా పోయే ఏడు నెలల బాడుగ 17,500 దక్కుతుందనుకోండి, రెండు వాటాలకూ నెలకు మూడేసి వందలు పెంచితే ఇంకో 7,200 వస్తుంది. పెట్టింది రెండున్నరేళ్లలో తిరిగొస్తుంది. అది తెలివైన ఖర్చు.

అలాకాక వీధి పొడుగునా తాళాలే కనిపిస్తే అది ఊరి జబ్బు. మీరు పాలరాయి పరిచినా, రంగు రంగుల సున్నం కొట్టించినా ఉండేవాడు రాడు. మన సోదరి వీధిలో పదకొండు ఇళ్లుంటే నాలుగింటికి తాళాలట. పైగా దుమ్ము, గనిలో పేలుళ్ల అదురు. వాటికి ఇల్లాలు చేయగల వైద్యం లేదు.

ఇంకొక మాట. ఆమె భర్త జీతం ముగ్గురాయి మీదే. ఆమె బాడుగ కూడా ముగ్గురాయి మీదే. గిరాకీ పడిపోయిన ఏడాది జీతమూ సగమై, బాడుగా ఆగిపోతుంది. ఒకే కొమ్మకు రెండు ఉయ్యాలలు కట్టినట్టు. అదే భర్త బడిపంతులో, కోడూరు తోటల్లో అరటి, బొప్పాయి పండించేవాడో అయితే నేను ఇంకో రకంగా చెప్పేదాన్ని. ఒక ఆధారం వంగినప్పుడు రెండోది నిలబడాలి. నిలబడనిది రెండో ఆధారం ఎలా అవుతుంది?

ఇప్పుడు మనసును నేను అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఆ ఇల్లు మీది కాదనుకోండి. మీ చేతిలో తొమ్మిది లక్షల నగదు ఉందనుకోండి. ఈ రోజు ఆ డబ్బు పెట్టి అదే వీధిలో అదే ఇల్లు కొంటారా? "కొంటాను" అని వెంటనే నోరు పలికితే ఉంచుకోండి. "అయ్యో, నాకేం ఖర్మ" అనిపిస్తే మీకు సమాధానం దొరికినట్టే.

లెక్క ఇంతదాకా అమ్మమనే చెప్పింది. కానీ ఇక్కడితో ఆపితే నేను మీకు సగమే చెప్పినదాన్నవుతాను. ఆ ముసలితల్లి కన్నీళ్లలో వట్టి మమకారమే లేదు. అందులో ఒక భయం ఉంది, దానికి అర్థం ఉంది.

ఆ ఇల్లు ఆడపిల్ల పేరున ఉంది. ఎన్నడూ ఒకరి ముందు చేయి చాపని ధైర్యం అది. ఇల్లు అమ్మితే డబ్బవుతుంది. డబ్బు ఇంట్లోకి వస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. కొంత అప్పుకు, కొంత మరిది గారి అవసరానికి, కొంత బండికి, కొంత పెళ్లి ఖర్చుకు పోతుంది. మూడేళ్లు తిరిగేసరికి ఇల్లూ లేదు, డబ్బూ లేదు, తన పేరున ఏమీ లేదు. మిద్దె ఉరిసినా గోడ కరగదు. నోటు మాత్రం కరుగుతుంది. అమ్మ చెబుతున్నది ఇదే. ఆమెకు లెక్క రాయడం రాక కన్నీళ్లతో చెబుతోంది.

కనుక అమ్మాలా వద్దా అన్నదానితో పాటు అమ్మిన రూపాయి ఎవరి పేరున, ఎక్కడ పడుతుందన్నది కూడా తేల్చుకోవాలి. అది తేలకుండా సంతకం చేయకండి.

చట్టం ఈ విషయంలో మన పక్షానే ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం హిందూ స్త్రీకి ఆస్తిగా సంక్రమించినదానికి సాధారణంగా ఆమే పూర్తి హక్కుదారు. మన సోదరికి నాయన రిజిస్టరు చేసి ఇచ్చాడు. అమ్మడానికి భర్త అనుమతి చట్టం అడగదు. అలాగని ఇంట్లో పోట్లాట పెట్టుకోమని నేను చెప్పను. కలిసి కూర్చుని మాట్లాడుకోండి. కానీ ఆ మాటల్లో మీ సంతకం విలువ మీకు గుర్తుండాలి. ఇక పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చి, కాగితం రాయని ఇళ్లు మనలో చాలామందికి ఉంటాయి. అవి అమ్మే ముందు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల సంతకాలు అవసరం పడవచ్చు. బేరం పెట్టకముందే న్యాయవాదికి చూపించండి.

మన సోదరికి నా సలహా వరుసగా చెబుతాను.

మొదటి పని ఇల్లు అమ్మడం కాదు, రెండు రూపాయల వడ్డీ వదిలించుకోవడం. మెడలో, బీరువాలో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి రెండు లక్షలు తీసుకోండి. చాలా బ్యాంకుల్లో నగల అప్పు వడ్డీ నూటికి నెలకు రూపాయి లోపే ఉంటుంది. నెలకు నాలుగు వేలు కట్టేచోట రెండు వేలలోపు కడతారు. ఎందుకిది ముందు? అప్పులవాడు గుమ్మంలో నిలబడి ఉండగా అమ్మే ఇంటికి ఒక ధర, తీరిగ్గా అమ్మే ఇంటికి ఇంకో ధర. కొనేవాడు మన మొహం చూసే బేరం ఆడతాడు. అయితే బంగారం పెట్టి ఇంటిని శాశ్వతంగా నిలబెట్టాలని మాత్రం చూడకండి. వడ్డీ తగ్గినా ఆ ఇంటి రాబడి దానికి బొటాబొటిగా కూడా సరిపోకపోవచ్చు. ఇది ఊపిరి తీసుకోవడానికే.

రెండో పని, తహసీల్దారు కార్యాలయానికి ఒకసారి వెళ్లి గని కోసం గాని, మరే పనికి గాని మీ వీధిని సేకరించే ప్రతిపాదన ఉందేమో కనుక్కోండి. గని పక్క ఊళ్లలో ఇది తప్పనిసరిగా చేయాలి. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే కట్టిన విలువ మీద మరో నూటికి నూరు పరిహారంగా కలుపుతారు. అది తెలియక ఈ రోజు తొమ్మిది లక్షలకు అమ్మేస్తే, రేపు ఆ లాభం కొన్నవాడిది.

మూడో పని కాగితాలు. మీ నాయన రాసిచ్చిన దస్తావేజు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు ఒక సంచిలో పెట్టుకోండి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీ తీయించండి. ఆ స్థలం నిషేధిత భూముల జాబితాలో, అదే 22-ఏ జాబితాలో లేదని చూసుకోండి. ఒకప్పుడు డీకేటీ పట్టాగా ఇచ్చిన స్థలమైతే ఇది మరీ ముఖ్యం. అడ్వాన్సు తీసుకుని వాడేసుకున్నాక రిజిస్ట్రేషను ఆగిపోతే ఆ తిప్పలు పగవాడికి కూడా వద్దు. ఉన్న బాడుగవాళ్లకు ముందే కబురు చెప్పి, వాళ్ల అడ్వాన్సు లెక్క తేల్చండి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. కొనేవాడు తీయగా ఒక మాట అంటాడు. "అమ్మా, దస్తావేజులో అయిదు లక్షలే రాయిద్దాం, మిగతా నాలుగు చేతికిస్తాను." మన రాష్ట్రంలో కొన్నవాడు స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులన్నీ కలిపి నూటికి ఏడున్నర కట్టాలి. అది తగ్గించుకోవాలని వాడి ఆత్రం. ఒప్పుకోకండి. ఇంటి అమ్మకంలో 20,000 గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. పుచ్చుకున్నంత జరిమానా పడవచ్చు. అంతకన్నా పెద్ద మాట, చేతికి వచ్చిన ఆ నాలుగు లక్షల మీద ఎవరి పేరూ ఉండదు. మీ నాయన మీ పేరున రాసిన ఇంటిలో దాదాపు సగం అలా పేరు లేనిదైపోతుంది. తొమ్మిదీ దస్తావేజులో రాయించండి, తొమ్మిదీ మీ ఒక్కరి బ్యాంకు ఖాతాలో పడాలి.

అయిదోది పన్ను. పేరు వినగానే బెదిరిపోకండి. ఇల్లు రెండేళ్లకు మించి ఉంచుకుని అమ్మితే వచ్చిన లాభాన్ని దీర్ఘకాల లాభం అంటారు. తల్లిదండ్రులు ఇచ్చిన ఇంటికి వాళ్లు ఉంచుకున్న కాలమూ కలుస్తుంది. 2024 జులై 23 నుంచి ఈ లాభం మీద పన్ను 12.5 శాతం. అంతకు ముందు నుంచే ఉన్న ఇళ్లకు ధరల పెరుగుదల సూచీతో కొన్న విలువను పెంచి, మిగిలిన లాభం మీద 20 శాతం లెక్కన చూసుకునే వీలూ ఇచ్చారు. ఏది తక్కువైతే అది కట్టవచ్చు. 2001కి ముందు కట్టిన ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఆధారంగా తీసుకోవచ్చు. ఆ సూచీ 2001-02లో 100, 2025-26లో 376. అప్పట్లో ఇల్లు రెండు లక్షలనుకుంటే 2025-26 లెక్కకు అది 7,52,000 అవుతుంది. తొమ్మిది లక్షలకు అమ్మితే లాభం 1,48,000 మాత్రమే. ఇల్లాలికి వేరే ఆదాయం లేకపోతే పన్ను ఇంకా తగ్గవచ్చు, అసలు పడకపోనూ వచ్చు. వచ్చిన లాభంతో రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా మినహాయింపు ఉంది. సంతకానికి ముందే ఆడిటరుకు కాస్త ఫీజు ఇచ్చి ఈ లెక్క రాయించుకోండి.

చివరిగా డబ్బు ఎక్కడ పెట్టాలి? రెండు లక్షల అప్పు తీరిపోవాలి, బ్యాంకు నుంచి బంగారం ఇంటికి రావాలి. ఖర్చులు పోను సుమారు ఏడు లక్షలు మిగులుతాయి. అప్పు ఇంటిల్లిపాదిదీ. దాన్ని తీర్చింది మీ పుట్టింటి ఇల్లు. కాబట్టి మిగిలిన ఏడూ నా పేరునే ఉంటాయి అని మీ ఆయనతో నెమ్మదిగా చెప్పండి. అందులో స్వార్థం ఏమీ లేదు. పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో వడ్డీ 2023 ఏప్రిల్‌లో 7.4 శాతం చేశారు. మీరు వెళ్లిన రోజున ఎంతుందో కౌంటరులో అడగండి. ఆ లెక్కన ఏడు లక్షలకు నెలకు 4,316 రూపాయలు వస్తుంది. నూటికి 62 పైసలు. మిల్లు తిరిగినా, ఆగినా వస్తుంది, మిద్దె ఉరవదు, మోటారు కాలదు.

దీనిలోనూ ఒక లోపం ఉంది, దాచను. ఏడు లక్షలు అయిదేళ్ల తర్వాతా ఏడు లక్షలే. బియ్యం ధర మాత్రం ఆగదు. కనుక వచ్చే నాలుగు వేలూ తినేయకుండా కనీసం వెయ్యి రూపాయలు నెలనెలా మీ పేరున రికరింగు డిపాజిట్టు కట్టండి. పాప చదువు అయ్యాక కోడూరులోనో, రాజంపేటలోనో మీ పేరున చిన్న స్థలం చూసుకోవచ్చు. నాలుగు రకాల ఉద్యోగాలవాళ్లు బాడుగకు దిగే ఊరు అయితే ఒక గని మీదే ఆధారపడే భయం ఉండదు.

ఇది చదివి అందరూ ఇళ్లు అమ్మకానికి పెట్టేయకండి, నాకు పాపం చుట్టుకుంటుంది! అప్పు లేదు, వీధి నిండా జనం ఉన్నారు, ధర ఏటా పెరుగుతోంది అంటే నూటికి పాతిక పైసలు వచ్చినా ఉంచుకోండి. రేపు మీరిద్దరే మిగిలినప్పుడు తలదాచుకోవడానికి అదొక్కటే నీడ అయితే, బాడుగ ఎంతని అడగనే అడగకండి. అమ్మిన డబ్బు మీ ఖాతాలో నిలవదని మీ మనసుకు గట్టిగా అనిపిస్తే కూడా ఉంచుకోండి. నూటికి 18 పైసలు తెచ్చే ఇల్లు, ఏమీ మిగలని చేతి కన్నా మేలు.

మంగంపేట చెల్లీ, అమ్మతో ఇలా చెప్పి చూడండి. "అమ్మా, నాయన ఇల్లు ఇచ్చింది నేను వడ్డీలు కడుతూ కుమిలిపోవాలని కాదు. ఆయన ఇచ్చింది నా పేరునే ఉంటుంది. మిద్దెగా కాక పాసుపుస్తకంగా ఉంటుంది. మనవరాలి చదువు అందులోంచే." ఆ పాసుపుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టి, మీ పేరు చదివి వినిపించండి. ఆ తల్లి ఏడుపు ఆగుతుందనే నా నమ్మకం. ఆగకపోయినా, ఆ ఏడుపులో భయం ఉండదు.

మీలో ఎవరైనా ఇలాంటి ఇల్లు అమ్మి సుఖపడ్డారా? అమ్మి నాలిక కరుచుకున్నారా? రెండూ రాయండి. ముఖ్యంగా రెండోది. ఇంకొకరు జాగ్రత్తపడతారు.